ఏడున్నరకు లేస్తా

మా అత్త పోయింది. విరుదునగరంలో నేను వ్యాయామం టీచరుగా పనిచేసే స్కూల్లో పొద్దున ప్రార్థన జరుగుతుండగా ఫోను వచ్చింది. మా నాయన గొంతు. "అక్క పోయిందమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఫోను పక్కింటివాళ్ల చేతికిచ్చేశాడు. నిద్రలోనే పోయిందని వాళ్లు చెప్పారు. నేను నమ్మలేదు. మా అత్తను దాటుకుని ఏదైనా అంత సులువుగా లోపలికి వెళ్లిపోయిందంటే ఆమె ఆట చూసినవాళ్లెవరూ నమ్మరు.

అత్త అంటే మా నాయనకు అక్క. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసింది. వయసులో ఉన్నప్పుడు హాకీలో ఫుల్ బ్యాక్ ఆడింది. ఆడటం మానేశాక మా ఊరి ఆడపిల్లలకు హాకీ నేర్పింది. హాకీ అంతా కాదు, డిఫెన్సు మాత్రమే. గోలు కొట్టడం నేర్పమని ఎవరైనా వస్తే "దానికి వేరే మాస్టర్లుండారు, పో" అని పంపించేసేది.

బస్సు సాత్తూరు దాటేదాకా నాకు ఏడుపు రాలేదు. దాటాక వచ్చింది. ఇంటికి చేరేసరికి వీధిలో షామియానా వేసి, ప్లాస్టిక్ కుర్చీల్లో మగవాళ్లు, లోపల చాపల మీద ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. అందరి నోటా ఒకటే మాట. పాపం. పెళ్లి లేదు, పిల్లలు లేరు, పాపం. ఆ గ్రౌండు పట్టుకునే బతుకంతా పోగొట్టుకుంది, పాపం. నేను అత్త పక్కన కూర్చుని వింటున్నాను. ఏడవడానికి వచ్చినదాన్ని, నాకు కోపం మొదలైంది.

ఆ కోపానికి ఇంకొకాయన ఆజ్యం పోశాడు. గ్రౌండు వ్యవహారాలు చూసే పెద్దాయన. దండ వేసి, నన్ను పక్కకు పిలిచి, తమిళంలో చాలా మెల్లగా చెప్పాడు. "ఇన్నాళ్లూ మీ అత్త ముచ్చట ఎందుకు కాదనాలని ఊరుకున్నామమ్మా. ఇకమీద పొద్దున గ్రౌండు మొత్తం మగపిల్లల టీముకు కావాలి. ఆడపిల్లల్ని మధ్యాహ్నం రమ్మను." మధ్యాహ్నం పిల్లలు స్కూల్లో ఉంటారు. సెలవు రోజైతే కోవిల్‌పట్టి ఎండలో ఆ నేల మీద కాకి కూడా నిలబడదు. మధ్యాహ్నం రమ్మంటే రావొద్దనే. శవం ఇంకా ఇంట్లోనే ఉంది, ఆయన మా అత్త నిలబెట్టినదాన్ని లాగేసుకుంటున్నాడు. పైగా దానికి ముచ్చట అని పేరు పెట్టాడు.

అది ముచ్చట కాదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు. తమిళనాడులో పుట్టి పెరిగినవాళ్లం, మా ఇళ్లలో తెలుగు మాట్లాడతామే గాని రాయడం ఎవరికీ రాదు. నేను హైదరాబాదుకు శిక్షణకు వెళ్లినప్పుడు అక్షరాలు నేర్చుకున్నాను. ఇది అత్త చదవగలిగేది కాదు. చదివి వినిపించినా మధ్యలో లేచి వెళ్లిపోయేది. పొగిడితే ఆమెకు కాళ్లు నిలిచేవి కావు.

నన్ను మొదటిసారి గ్రౌండుకు తీసుకెళ్లినప్పుడు చేతికి స్టిక్ ఇవ్వలేదు. ఒక పెద్దపిల్లను బంతితో నా మీదికి పరిగెత్తమంది. నన్ను ఆమెకు ఎదురుగా వెనక్కి నడవమంది. "స్టిక్ లేకుండా ఎట్లా ఆపేది అత్తా?" అన్నాను.

"నిన్ను ఆపమన్న్యానా? అది యాడికి పోవాల్నో నువ్వు చెప్పు. నీ కాళ్లతో చెప్పు."

నాకేమీ అర్థం కాలేదు. చాలా రోజులు వెనక్కి నడుస్తూ పడ్డాను. ఆ తర్వాత ఒక పొద్దున ఉన్నట్టుండి తెలిసింది. నేను కొంచెం ఇటు పక్కకు జరిగి నిలబడితే, ఎదుటి పిల్లకు అటు పక్క ఒక్కటే దారి కనిపిస్తుంది. ఆ దారి పట్టుకుని పోతే చివర సైడ్ లైను. దానికి ఇక పోవడానికి చోటుండదు. "గీతను మర్చిపోవద్దు మే," అనేది అత్త. "గీత కూడా మన టీమే. దాని పక్కకు తోలుకోని పో, మిగిలింది అది చూసుకుంటాది." ఇంకోమాట రోజూ అనేది. "పందు జూడు, మొగం జూడొద్దు. మొగం అబద్దం చెప్తాది." పందు అంటే బంతే. మా ఇళ్లలో అట్లాగే అంటాం.

వెనక్కి నడవడం నాకు నామోషీగా ఉండేది. మగపిల్లలు గట్టు మీద కూర్చుని, వెనక్కి నడిచే టీము అని నవ్వేవాళ్లు. అత్త వాళ్లకు వినబడేలాగే చెప్పేది, "మనం నడిచేది వాళ్లకు తోవ చూపించేదానికి. డీ గీత వచ్చినాక ఒక్క అడుగు లేదు. ఆడ నిలబడాల." డీ అంటే గోలు ముందుండే అర్ధచంద్రం గీత. దాని లోపలినుంచి కొడితేనే గోలు. అందుకే ఆ గీత దగ్గర మా అత్త మొహమే మారిపోయేది. ఇంట్లో పెరుగన్నం కలిపి పెట్టే మనిషేనా ఈమె అనిపించేది.

అన్నిటికంటే ఎక్కువ తిట్లు తిన్నది మాత్రం నోరు తెరవనందుకు. ఒక డిఫెండరు బంతి మీదికి వెళ్లాలంటే, తను తప్పితే వెనక ఇంకొకరు ఉన్నారని ఆమెకు తెలియాలి. తల తిప్పి చూసుకునే వ్యవధి ఉండదు. అందుకని వెనకున్న పిల్ల కేకేయాలి. "నేనుండా!" అదీ మా అత్త నేర్పిన కేక. నేనున్నాను అనడం మా ఇళ్లలో అట్లాగే. తమిళం ఇళ్ల పిల్లలకు కూడా తెలుగులోనే నేర్పింది. దానికి కారణముంది, చెబుతాను.

ముందు పన్ను సంగతి. అత్తకు పైవరసలో ముందు పన్ను లేదు. ఎదుటి టీముకు పెనాల్టీ కార్నరు ఇచ్చినప్పుడు, బంతి కొట్టేవాళ్ల మీదికి గోలు గీత దగ్గరినుంచి మొట్టమొదట దూసుకుపోయే పిల్ల ఆమే. అటునుంచి బంతి వచ్చి నోటికి తగిలింది. ఆ రోజుల్లో ముఖానికి ముసుగూ లేదు, కాళ్లకు ప్యాడ్లూ లేవు. మా నాయన డబ్బు పోగుచేసి పన్ను కట్టిస్తానంటే ఒప్పుకోలేదు. నేనూ ఉద్యోగం వచ్చాక అడిగాను.

"పన్ను కట్టించుకో అత్తా, బాగుంటావు."

"గోలు పడుంటే కట్టించుకునుందును మే. పడలేదు. ఇంక దేనికి?"

ఒక సంబంధం వాళ్లు చూడటానికి వచ్చినప్పుడు వాళ్లమ్మ, అంటే మా జేజి, నోరు మూసుకుని కూర్చో, ఏమడిగినా తల ఊపు చాలని బతిమాలిందట. వచ్చినవాళ్లలో ఒకాయన ఏదో జోకు వేశాడు. మా అత్త ఇల్లు ఎగిరిపోయేలా నవ్వింది. పన్ను సంగతి బయటపడింది, హాకీ సంగతి బయటపడింది, ఆ సంబంధం పోయింది. నష్టం ఎవరిదన్న విషయంలో నాకు ఇప్పటికీ అనుమానం లేదు. పాపం అన్నవాళ్లు ఆ నవ్వు విని ఉండాల్సింది.

మ్యాచి చూడటంలో ఆమె పద్ధతే వేరు. బంతి అటు గోలు దగ్గర ఉంటే, గ్రౌండంతా అటే చూసి అరుస్తుంటే, ఆమె ఇటు తిరిగి ఖాళీగా నిలబడ్డ మా వైపే చూసేది. బంతి లేనప్పుడు డిఫెండరు ఎట్లా నిలబడిందో చూడాలట. ఇంటికి వచ్చాక మా నాయన "ఎన్ని గోల్సు కొట్టినారక్కా?" అంటే "నాకేం తెలుసు? మనకు ఒకటీ పడలేదు" అనేది. నిజంగానే తెలియదు. ఆట అయ్యాక కొంగులో కట్టుకొచ్చిన వేరుశనగ మిఠాయి డిఫెండర్లకు తలా ఒక ముక్క పెట్టేది. మా ఊరి మిఠాయి రుచి తెలిసినవాళ్లు ఎవరైనా చెయ్యి చాపకుండా ఉండలేరు. గోలు కొట్టిన పిల్ల కూడా చాపేది. "నీకు చప్పట్లు పడినాయి గదా, అవి తిను" అని చెయ్యి తోసేసేది. ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టేది. మాకు లోకంలో అంతకు మించిన సంతోషం ఉండేది కాదు.

ఇప్పుడు తెలుగు కేకల సంగతి. మా వైపు ఊళ్లలో తెలుగు ఇంట్లో మాట్లాడే భాష. గడప దాటితే తమిళమే. బస్సులో అమ్మతో తెలుగులో మాట్లాడితే అమ్మ గిల్లేది. అందువల్ల బయట తెలుగు ఎవరికీ రాదని మేమందరం అనుకునేవాళ్లం. అత్తకు దానిమీదే ఆలోచన తట్టింది. గ్రౌండులో మన కేకలు తెలుగులో వేసుకుందాం, ఎదుటి టీముకు ఒక్క ముక్క అర్థం కాదు. కొన్ని మ్యాచిల్లో ఇది బ్రహ్మాండంగా పనిచేసింది. మాకు కొమ్ములొచ్చాయి.

అట్లా కొమ్ములతోనే విరుదునగరానికి ఫైనల్ ఆడటానికి వెళ్లాం. వాళ్ల సెంటర్ ఫార్వర్డ్ తిరుత్తంగల్ పిల్ల. సన్నగా, పొడుగ్గా, జడ పైకి చుట్టుకుని ఉంది. నేను వెనకనుంచి మా పిల్లకు కేకేశాను, "ఎడం పక్క మూసెయ్యి, కుడి పక్క వదిలిపెట్టు, నేనుండా!" తిరుత్తంగల్ పిల్ల కుడి పక్కకు వస్తున్నట్టే వచ్చి, నేను అటు కదలగానే మా ఇద్దరి మధ్యనుంచి తీసుకుపోయి గోలు కొట్టింది. పోనీ, అదృష్టం అనుకున్నాం. మళ్లీ కేకేశాను. మళ్లీ అదే జరిగింది. మేము ఎక్కడ మూస్తే అక్కడికి రాదు, ఎక్కడ నిలబడతామంటే దానికి ముందే తిరిగిపోతుంది. ఈ పిల్లకు మంత్రాలు వచ్చా అనుకున్నాను. అంతలో మా పిల్ల ఒకతి బోర్లాపడి మోకాలు చీరుకుంది. తిరుత్తంగల్ పిల్ల వంగి, లేపి, అడిగింది:

"దెబ్బ బాగా తగిలిందా పాపా? నీళ్లు తెమ్మంటావా?"

అచ్చం మా ఇంట్లో మాటే. మేము నోళ్లు తెరుచుకుని నిలబడిపోయాం. దానికీ అప్పుడే తను ఏ భాషలో మాట్లాడిందో తెలిసి నాలుక కరుచుకుంది. వాళ్లమ్మ టపాకాయల పనికి వెళ్తుందట. ఇంట్లో తెలుగే, బయట తమిళమే. మేము దాచుకున్నట్టే వాళ్లూ దాచుకున్నారు. ఆ టీములో సగం మంది మావాళ్లే.

సగం ఆటకు విరామం ఇచ్చినప్పుడు సిగ్గుతో తలలు దించుకుని అత్త దగ్గరికి వచ్చాం. ఆమె గట్టు మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వుతోంది. కళ్లలో నీళ్లు కారుతున్నాయి. "ఇప్పుడేం చేద్దాం అత్తా? తమిళంలో కేకేద్దామా?" అంటే "అదీ వాళ్లకు తెలుసు గదా" అని మళ్లీ నవ్వింది. "పోనీ, నోరు మూసుకుని ఆడతాం" అన్నాను. ఆ మాటకు నవ్వు ఆగిపోయింది.

"నోరు మూసుకునేది యాల? ఇంకా గట్టిగా అరవండి. తెలిస్తే తెలియనీ. యాడ నిలబడతామో వాళ్లకు చెప్పే నిలబడండి. తెలిసి కూడా దాటలేకపోవాల. అదీ మే, డిఫెన్సు అంటే. దాక్కోని ఆపేది ఏం ఆపేది?"

రెండో సగం మేము గొంతు చించుకుని అరిచాం. ఎడం పక్క మూస్తాం అని చెప్పి ఎడం పక్క మూశాం. నేనుండా అని చెప్పి ఉన్నాం. తిరుత్తంగల్ పిల్లకు ప్రతి మాటా తెలుసు. అయినా చివరిదాకా ఒక్క బంతీ లోపలికి పోలేదు. మ్యాచి ఓడిపోయాం. మేము కూడా గోలు కొట్టలేదు కదా. అత్త అదేమీ పట్టించుకోలేదు. మా అందరికీ మిఠాయి పెట్టి, చివరి ముక్క తీసుకెళ్లి తిరుత్తంగల్ పిల్లకు పెట్టింది. జీవితంలో ఒక ఫార్వర్డ్‌కు ఆమె మిఠాయి పెట్టడం అదే మొదలు, అదే చివర. ఆ తర్వాతనుంచి మా గ్రౌండులో తెలుగు రహస్యం కాదు, తమిళం ఇళ్ల పిల్లలూ అదే కేక.

ఇక ముక్కాలిపీట. మోకాళ్లు అరిగిపోయి నిలబడలేకపోతున్న రోజుల్లో అత్త ఇంటినుంచి ఒక చెక్క ముక్కాలిపీట తెచ్చుకుని, డీ గీత నడిమధ్య వేసుకుని కూర్చునేది. అప్పటికే ఆడపిల్లల్ని పొద్దున పూట గ్రౌండునుంచి తప్పించాలని మాటలు నడుస్తున్నాయి. ఒకరోజు ఆ పెద్దాయనే, అప్పుడు జుట్టు నల్లగా ఉండేది, మగపిల్లల టీమును వెంటబెట్టుకుని వచ్చి లేవమన్నాడు. "లేస్తా," అంది అత్త. "ఏడున్నరకు లేస్తా." ఆమె ఫ్యాక్టరీకి పోవాల్సిన వేళ అది. ఆయన ఎదురుగా నిలబడ్డాడు, పిల్లలు నిలబడ్డారు, బంతులు నిలబడ్డాయి. ఏడున్నరకు ఆమె లేచింది. మర్నాడు మళ్లీ అదే. వానొచ్చినా, జ్వరమొచ్చినా అదే. ఫ్యాక్టరీ పని మానేశాక కూడా లేచేది ఏడున్నరకే. తిట్టలేదు, అర్జీ పెట్టలేదు, ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. ఎక్కడ కూర్చుంటానో చెప్పింది, అక్కడే కూర్చుంది. అయ్యా, మీరు ఊరుకున్నది దయ తలచి కాదు. ఏళ్ల తరబడి రోజూ పొద్దున మిమ్మల్ని ఒక ముసలామె ఆపింది. మీరు దాటలేకపోయారు.

అట్లాగని ఆమెకు బెంగలే లేవని చెప్పను. పోయినేడు జ్వరంతో పడుకున్నప్పుడు నేను నుదుటిమీద తడిగుడ్డ వేస్తుంటే అంది, "రాత్రి దాహమైతే లేచేదానికి కాలేదు మే. యెనకాల ఎవురన్నా నేనుండా అంటే బాగుండును." "నేనుండా కదత్తా" అన్నాను. "నువ్వు విరుదునగరంలో ఉండావు" అని బోసిగా నవ్వింది. నాకు ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అయితే ఆ జ్వరంలోనూ మర్నాడు ముక్కాలిపీట చంకన పెట్టుకుని గ్రౌండుకు వెళ్లింది, నేను వద్దంటున్నా వినకుండా.

కర్మలు అయ్యేదాకా నేను సెలవు పెట్టి మా ఊళ్లోనే ఉన్నాను. తిరుత్తంగల్ పిల్ల, ఇప్పుడు ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేస్తూ ఇద్దరు పిల్లల్ని సాకుతున్న తల్లి, చావుకు వచ్చి, పెద్దకర్మకు మళ్లీ వచ్చింది. నేను గ్రౌండు సంగతి చెప్పాను. "రేప్పొద్దున నా పాత స్టిక్ తీసుకోని వస్తా," అంది. "నేను కొడతా, మీరు ఆపండి."

మర్నాడు వెళ్లేసరికి డీ గీత మీద ముక్కాలిపీట లేదు. గ్రౌండు షెడ్డులో పెట్టి తాళం వేశారు. ఎర్ర గరుసు నేలలో దాని కాళ్లు దిగిన మూడు గుంతలు మాత్రం ఉన్నాయి. ఏళ్లుగా అక్కడే కూర్చోవడంతో చిన్న గిన్నెల్లా లోతుపడ్డాయి. విళాత్తికుళం బస్సు దిగి వచ్చిన పిల్లలు, వీధి పిల్లలు, అందరూ నా మొహం చూశారు. గీత మీద వరసగా నిలబడమన్నాను. నిలబడ్డారు.

పెద్దాయన వచ్చాడు, వెనక మగపిల్లల టీము. "మధ్యాహ్నం రమ్మని చెప్పాను కదమ్మా" అన్నాడు తమిళంలో. నేను తెలుగులో, గ్రౌండు అవతలి గోడకు తగిలేంత గట్టిగా చెప్పాను. "ఈడే ఉంటాం. ఏడున్నర దాకా ఉంటాం. రేపూ ఈడే, ఎల్లుండీ ఈడే. నేను విరుదునగరంనుంచి మొదటి బస్సుకు వస్తా. మీకు తెలియాలనే చెప్తా ఉండా."

అర్థం కాలేదని అనడానికి వీల్లేదు. వాళ్లమ్మ మా అరుగుమీద కూర్చుని మా జేజితో ఏ భాషలో మాట్లాడేదో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని సైడ్ లైను దగ్గర నిలబడ్డాడు.

తిరుత్తంగల్ పిల్ల బంతి తీసుకుంది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, బూట్లు కూడా లేకుండా, అదే పరుగు. ముందున్న పిల్లను ఒక్క మలుపుతో తప్పించింది. వెనక నుంచి కేక రాలేదు, రాలేదు, అప్పుడు వచ్చింది. తమిళం ఇంటి పిల్ల, తెలుగులో ఆ మాట తప్ప ఇంకోటి రానిది, "నేనుండా!" అంది. దాని వెనక ఇంకొకతి, "నేనుండా!" గీత పొడుగునా అందరూ అందుకున్నారు. తిరుత్తంగల్ పిల్ల బంతిని నడిమధ్యకు తీసి, గీత దాటించి మళ్లీ తనే అందుకుందామని గట్టిగా లోపలికి కొట్టింది. బంతి నేలబారున దూసుకొచ్చి, ముక్కాలిపీట గుంతలో పడి, టక్కున పైకెగిరి పక్కకు పోయింది. మా పిల్ల దాన్ని అందుకుని సైడ్ లైను అవతలికి బాదేసింది.

తిరుత్తంగల్ పిల్ల స్టిక్ మీద ఆనుకుని, ఆయాసపడుతూ ఆ గుంతను చూసింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"ఇంకా ఆపుతానే ఉండాది జూడు మీ అత్త!" అంది.

బంతి దొర్లుకుంటూ వెళ్లి పెద్దాయన చెప్పుల దగ్గర ఆగింది. ఆయన వంగి, దాన్ని తీసి, కాసేపు చేతిలో పట్టుకుని, మా వైపు విసిరాడు. అప్పటికి ఏడు కూడా కాలేదు. పిల్లలు మళ్లీ గీత మీదికి వచ్చి, మూడు గుంతలను తొక్కకుండా, నిలబడ్డారు.